పాత వెండి కొనే ధర

పక్కింట్లో వెండి పళ్ళేలు కుంకుడురసంతో తోముతున్నారు. ఆ ఘాటైన వాసన కిటికీలోంచి రాగానే మిర్యాలగూడ బజారూ, అక్కడ చెంగుతో చెమట తుడుచుకుంటూ నడిచే సత్యవతి మేడమూ గుర్తొచ్చారు. పంతొమ్మిదివందల అరవైల చివర నేను ధరల లెక్కలు తీసే ఆఫీసులో చేరినప్పుడు, పని నేర్చుకోమని నన్ను ఆవిడ వెంట పంపారు. నెలనెలా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ తిరిగి బంగారం, వెండి, చేతిగడియారాల ధరలు రాసుకురావడం మా పని. జనానికి ఖర్చు ఎంత పెరిగిందో వాటిని బట్టి పైవాళ్ళు లెక్కకట్టేవారు.

మేడం నలభై దాటిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, మెడలో గొలుసైనా ఉండేది కాదు. నగల దుకాణంలో అడుగుపెట్టగానే "ఎవరి పెళ్ళమ్మా?" అని ఆదరంగా అడిగేవారు. "ఎవరిదీ కాదండీ, ధర కోసం వచ్చాం" అనేవారు ఆవిడ. ఆ మాటతో అవతలివాళ్ళ ముఖంలో ఆదరం పోయేది. సూర్యాపేటలో గడియారాల దుకాణం నడిపే ఖాజా సాబ్ ఒక్కడే స్టూలు ముందుకు జరిపేవాడు. "గంటెంతయిందని అందరడుగుతరు మేడం. గడియారం ధరెంతయిందని నెలనెలా అడిగేది మీరే" అనేవాడు. ఆవిడ నవ్వగా నేను చూసింది ఆ దుకాణంలోనే. మిగతా రోజంతా బస్సులు, ఎండ, బస్టాండు మూలన కూర్చుని తినే పెరుగన్నం.

ఒకసారి మిర్యాలగూడలో ఒక వెండి దుకాణదారు మాకు ధరలన్నీ చెప్పాడు. పాత వెండి కొంటే తులానికి ఎంతిస్తాడో కూడా చెప్పాడు. మేం కాగితాలు సర్దుకుంటుండగా పాలకీడు వైపు నుంచి గొర్రెలు కాసుకునే ఒకావిడ వచ్చింది. గడప దగ్గరే కూర్చుని కాళ్ళ కడియాలు లాగి తీసి, "మా ఇంటాయన దవాఖానల ఉన్నడు. జర సూసి ఇయ్యిండ్రి" అంది. దుకాణదారు తూకం వేసి, మాకు చెప్పినదాంట్లో సగం ధర చెప్పాడు. ఆమె తలూపింది.

నేను మేడం వైపు చూశాను. బేరాల్లో తలదూర్చకూడదని నాకు మొదటిరోజే నేర్పింది ఆవిడే.

"ఇందాక నాకు చెప్పిన ధర ఇది కాదే?" అన్నారు మేడం.

"ధర రాస్కొని పోవాలె గని, బేరంల మీకేం పని?"

"నేను రాసుకున్నది నిజమైతే ఈమెకూ అంతే ఇవ్వండి. కాకపోతే చెప్పండి, ఆ అంకె ఇప్పుడే కొట్టేస్తాను."

అతను కడియాలు మళ్ళీ తక్కెడలో వేశాడు. చివరికి పూర్తి ధరే ఇచ్చాడు. ఆమె ఆ డబ్బు కొంగున ముడి వేసుకుని, మేమెవరమో కూడా అడగకుండా దవాఖానా వైపు పరుగుతీసింది.

కోదాడ బస్సు హుజూర్‌నగర్ దాటాక మేడం అన్నారు, "మా అమ్మ జబ్బుపడినప్పుడు నా నగలన్నీ అమ్మేశాను సరళా. ధర ఇంతని చెప్పేవాళ్ళు పక్కన ఒక్కరూ లేరు. అమ్మా దక్కలేదు." మళ్ళీ కిటికీవైపు తిరిగారు.

మరుసటి నెల మిర్యాలగూడలో ఏ నగల దుకాణమూ మాతో మాట్లాడలేదు. "మాకు తెల్వది, వేరేకాడ అడుగుండ్రి" అన్నారు. ఆవిడ ఎండలో ఒక్కో గడపా ఎక్కి దిగారు. ఆ తర్వాతి నెలా అంతే. ధరలు రావడం లేదని ఆఫీసులో ఆవిడను ఎక్కడో దూరం జిల్లాకు బదిలీ చేశారు. సూర్యాపేట బస్టాండులో సాగనంపడానికి వెళ్ళింది నేనొక్కదాన్నే. "మాట్లాడకపోతే బాగుండేదా మేడం?" అని అడిగాను. "ఉద్యోగానికి బాగుండేది" అని బస్సెక్కారు. మళ్ళీ ఆవిడను చూడలేదు.

తర్వాత ఆ మూడు ఊళ్ళూ నేనొక్కదాన్నే తిరిగాను. దుకాణాలవాళ్ళు నాతో మాట్లాడారు. నాకు మేడంకున్న నోరు లేదు. కానీ అమ్ముకోవడానికి ఎవరైనా వస్తే, ఆ పని అయ్యేదాకా అక్కణ్ణుంచి కదిలేదాన్ని కాదు. దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందో లేదో తెలియదు. పోయిన నెల నగల దుకాణంలో మనవరాలికి గాజులు కొన్నాక, పక్కన ఒకావిడ ముక్కుపుడక తీసి బల్లమీద పెట్టింది. "ఇగ పోదాం పా అమ్మమ్మా" అంది మనవరాలు. నేను నిలబడే ఉన్నాను.