వాళ్ళమ్మను లోపలికి పిలిచిన రోజు

మొన్న మా అక్క మనవరాలి పురుటికని దువ్వాడ దగ్గర ఆసుపత్రికి వెళ్ళాను. ప్రసవం గదిలోకి వాళ్ళాయన్ని పిలిచి, గౌను తొడిగించి, భార్య చెయ్యి పట్టుకుని కూర్చోమనడం చూసేసరికి, నా మనసు ఒక్కసారిగా డెబ్బైల చివరి రోజులకి, హార్బరు గాలి కిటికీల్లోంచి చేపల వాసన మోసుకొచ్చే మా పాత ప్రసూతి వార్డుకి వెళ్ళిపోయింది.

నేనప్పుడు కొత్తగా చేరిన నర్సుని. నొప్పులతో వచ్చిన మనిషిని లోపలికి తీసుకుని, వెంట వచ్చినవాళ్ళను గేటు బయటే ఆపెయ్యడం అక్కడి రూలు. జనం వస్తే రోగాలొస్తాయని ఎప్పుడో ఎవరో పెట్టారు. ఎవరికీ అది వింతగా తోచేది కాదు.

ఒక మధ్యాహ్నం తగరపువలస అవతలి పల్లె నుంచి ఓ అమ్మాయిని తీసుకొచ్చారు. తొలిచూలు. బిడ్డ తల పైకీ కాళ్ళు కిందికీ ఉన్నాయి. ఇంటి దగ్గర కాన్పయితే ఇద్దరికీ గండమే. నేను పక్క మంచం చూసి వచ్చేలోగా ఆ పిల్ల మంచం దిగి, గోడ పట్టుకుని గేటుదాకా నడిచి, ఊచల్లోంచి తల్లి చెయ్యి దొరకబుచ్చుకుంది.

“మాయమ్మని రానీండి. నేదంటే ఇంటికెలిపోతాను. నానొక్కద్దాన్నే ఇక్కడుంటే సచ్చిపోతాను,” అని ఒకటే ఏడుపు.

“అదేటి మాటే! లోపలికెల్లమ్మా, ఎల్లు, నానిక్కడే ఉంతాను,” అంటూ తల్లీ ఏడుస్తోంది.

ఆ గోలకి పెద్ద డాక్టరమ్మ వచ్చారు. ఆవిడంటే మాకందరికీ హడలు. ఇప్పుడు చివాట్లే అనుకున్నాం. ఆవిడ మాత్రం ఆ రెండు చేతుల్నీ కాసేపు చూసి, “గేటు తియ్యండి. ఆవిడ కాళ్ళూ చేతులూ కడిగించి లోపలికి తీసుకురా సిస్టర్,” అన్నారు.

తల్లి తలాపున నిలబడి, నుదురు తుడుస్తూ, ఇంటి దగ్గర ఈనిన గేదె సంగతీ, పెరట్లో కాసిన ఆనపకాయల సంగతీ చెబుతూంటే, బిగుసుకుపోయిన ఆ పిల్ల మెల్లగా డాక్టరమ్మ మాట వినసాగింది. బిడ్డ బయటపడ్డాడు గానీ ఏడవలేదు. నోరూ ముక్కూ తుడిచి, వీపు రుద్దగా రుద్దగా కేర్మన్నాడు. వాణ్ణి వేరే గదికి పంపకుండా డాక్టరమ్మ ఆ పిల్ల గుండెలమీదే పడుకోబెట్టారు.

తరవాత ఆవిడ పైవాళ్ళతో పోట్లాడి రూలే మార్పించారు. ప్రతి మనిషికీ తోడుగా ఒక ఆడదిక్కు. భయపడి ఇళ్ళ దగ్గరే కనేవాళ్ళు కూడా ఆసుపత్రికి రాసాగారు. పాతూరి నుంచి కోడలితో వచ్చిన ఓ ముస్లిం నానమ్మ, ఎవరూ లేని పక్క మంచం రైతుపిల్లకి విసనకర్రతో విసురుతూ, “కంగారెందుకు బేటీ, నానున్నాను కదా?” అనడం నాకిప్పటికీ చెవుల్లో ఉంది.

ఆ డాక్టరమ్మ లేరు, ఆ వార్డూ లేదు. ఇప్పటి యంత్రాలు మాకుంటే ఇంకెందరు బిడ్డలు దక్కేవారో, ఆ మాట నేను కాదనను. కానీ మొన్న వరండాలో కూర్చుని ఉండగా, పక్క గదిలోంచి ఎవరో అమ్మాయి మూలుగు వినబడితే, లేచి వెళ్ళి నుదుటిమీద చెయ్యి వెయ్యాలని ప్రాణం లాగేసింది. తలుపుదాకా వెళ్ళాను. ఎవరి గది వారిది కదా, తట్టడానికి చెయ్యి రాక వెనక్కి వచ్చి కూర్చున్నాను.