మేనత్త క్యారేజీ మీద సొట్ట

మా మేనత్త పోయారని మొన్నామధ్య పొద్దున్నే మావయ్య ఫోన్ చేశారు. మండపేటలో వాళ్ల వీధి చివర ధాన్యం లారీ వెనక్కి వస్తూ గుద్దేసిందట. పాల ప్యాకెట్ కోసం వెళ్లారు. మేం చేరేసరికి రోడ్డు కడిగేశారు గానీ, ఆవిడ చెప్పు ఒకటి మురుగుకాలవ పక్కన ఉండిపోయింది. పట్టీ కూడా తెగలేదు.

పెద్దకర్మ నాడు బంధువులందరిదీ ఒకటే మాట. "ఒక్కతే ఊళ్లు పట్టుకు తిరిగేది. ఎప్పటికైనా ఇలాంటిదేదో అవుతుందనుకుంటూనే ఉన్నాం." మా ఆయన నావైపు తిరిగి, "నువ్వు కూడా ఇంక ఈ ఒంటరి ప్రయాణాలు కట్టిపెట్టు" అన్నారు.

మావయ్య తలెత్తారు. "అల్లుడుగారూ, రామేశ్వరం వెళ్లొచ్చింది, పూరీ వెళ్లొచ్చింది. ఇంటికి ఇరవై అడుగుల్లో పోయింది. మరి గుమ్మం దిగడం మానేద్దామాండీ?"

మావయ్యకి బస్సెక్కితే వాంతులు. "మీ వాంతులకి నేను కళ్లు మూసుకు కూర్చోవాలేంటండీ?" అని అత్తయ్య ఒంటరిగానే బయల్దేరేవారు. ఎక్కగానే దిగే ఊరు కండక్టరుకి బస్సంతా వినబడేలా చెప్పేవారు. బస్సు నంబరు అరచేతిలో పెన్నుతో రాసుకునేవారు. కిటికీ పక్క సీటు దొరక్కపోతే తరవాతి బస్సే. కొత్త ఊళ్లో దిగితే ముందు అక్కడివాళ్లు తినేదేదో తిని, తరవాతే గుడి. "భయపడుతూ వెళ్తే ఊరు కనపడదే, దారే కనపడుతుంది" అనేవారు. ఇవన్నీ నా నోటుపుస్తకంలో, గ్యాస్ బుకింగుల పక్క పేజీలో, వరస నంబర్లు వేసి రాసుకున్నాను.

ఒక్కటి మాత్రం రాసుకోలేదు.

అమ్మాయిని కాకినాడ హాస్టల్లో చేర్చిన ఏడాది అది. అప్పటిదాకా నేను తోడు లేకుండా రాజమండ్రి దాటలేదు. మా ఆయనకి సెలవు దొరికితేనే పిల్లని చూడ్డం. రెండు నెలలు చూళ్లేదు. ఫోన్లో అది ఏడుస్తుంటే విని అత్తయ్య వచ్చారు. "నీకు బస్సు నేర్పుతాను. వెళ్లేటప్పుడు పక్కన కూర్చుంటా. వచ్చేటప్పుడు అదే బస్సులో ఉంటాను గానీ, నేను నీకెవరినీ కాను. గుర్తుంచుకో" అన్నారు.

తిరుగు ప్రయాణంలో, మధ్యాహ్నం బస్సు. తన స్టీలు క్యారేజీ నా ఒళ్లో పెట్టి, ఆవిడ నాలుగు వరసల వెనక కూర్చున్నారు. సామర్లకోట దాటాక, చేతిలో ఫైలున్న ఒకాయన నా భుజానికి ఒరిగి నిలబడ్డాడు. జరిగాను. వాడూ జరిగాడు. తరవాత ఫైలు చాటు నుంచి చెయ్యి వచ్చింది. వెనక్కి చూశాను. అత్తయ్య కిటికీలోంచి వరిచేలు చూస్తున్నారు. మళ్లీ చూశాను. ఆవిడ తల తిప్పలేదు.

లేచి క్యారేజీతో వాడి ముఖం మీద కొట్టాను. ముక్కు చిట్లింది. వాడు నా చెంప పగలగొట్టాడు, కళ్లద్దాలు ఎగిరి ఎక్కడో పడ్డాయి. ఏమీ కనపడలేదు. ఆ మసకలోనే ఇంకోటి వేశాను, ఇంకోటి. నా చీర మీదా రక్తమే.

"పోనీలెండమ్మా, పెద్దమనిషిలా ఉన్నాడు" అని ఎవరో అన్నారు.

కండక్టరు విజిలేశాడు. "పెద్దమనిషిగారూ, మీ ఊరొచ్చింది, దిగండి" అని కాలరు పట్టి చేల మధ్య దింపేశాడు.

రాజమండ్రిలో దిగాక అత్తయ్య మీద అరిచాను. "చంపేస్తే చూస్తూ కూర్చుంటావా? నువ్వు మనిషివేనా?"

"నీతో ఎన్ని బస్సులెక్కుతానే నేను?" అన్నారు. అప్పుడు చూశాను. ముందు సీటు కడ్డీ ఎంత గట్టిగా పట్టుకున్నారో, గాజులు చిట్లి ముక్కలు మణికట్టులో దిగి ఉన్నాయి. చీర కుచ్చిళ్లు రక్తంతో తడిసిపోయాయి. అక్కడే బెంచీ మీద కూర్చోబెట్టి నా పిన్నీసుతో ఒక్కో ముక్కా తీశాను. ఆవిడ ఒక్కసారి కూడా "అబ్బా" అనలేదు. "వచ్చే ఆదివారం పిల్లకి సున్నుండలు చెయ్యి" అన్నారు.

ఆ ఆదివారమే కాదు, ఏ ఆదివారమూ మానలేదు నేను. అరకు కూడా ఒక్కదాన్నే చూసొచ్చాను.

కర్మ మర్నాడు మావయ్య ఆ క్యారేజీ తెచ్చి నా చేతిలో పెట్టారు. మూడు గిన్నెల నిండా పులిహోర. పక్కన అప్పటి సొట్ట అలాగే ఉంది. "బాగు చేయిస్తానంటే ఒప్పుకోలేదమ్మాయ్" అన్నారు. ముందురోజే ఇంటికెళ్లిపోయిన మా ఆయన ఫోన్ చేసి, "కారు పంపిస్తున్నాను, కదలకు" అన్నారు. "బస్సు వచ్చేసిందండీ" అని ఎక్కేశాను.

కిటికీ సీటే దొరికింది. ద్వారపూడి దగ్గర జనం పలచబడ్డారు. అయినా, నా ముందు సీట్లో కాలేజీ సంచీతో కూర్చున్న ఒక పిల్లకి ఆనుకుని ఒకాయన నిలబడే ఉన్నాడు, అన్ని సీట్లు ఖాళీగా పెట్టుకుని. ఆ పిల్ల తల వంచుకుంది. తరవాత వెనక్కి తిరిగి నావైపు చూసింది.

నేను తనకెవరినీ కాను. నా చెయ్యి ముందు సీటు కడ్డీకి బిగుసుకుంది. గాజులు నొక్కుకుంటున్నాయి.

చెయ్యి వదిలి, ఒళ్లో క్యారేజీ తీసి ఆ పిల్లకి అందించాను.

"గట్టిగా పట్టుకో అమ్మా. బరువుగా ఉంటుంది."

ఆ పిల్ల సొట్ట వైపు చూసింది. మెల్లగా పిడిలోకి నాలుగు వేళ్లూ దూర్చింది. ఆనుకుని నిలబడ్డాయన కిటికీలోంచి చేలు చూస్తూనే ఉన్నాడు, ఏమీ ఎరగనట్టు.