చాచా, గుట్టెక్కే గుర్రం

నేను ములకలపల్లి వైపు నర్సుగా ఉన్నప్పుడు, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు కిరాయికిచ్చే చాచా ఒకాయన ఉండేవాడు. టీకాల కోసం నేను గుట్ట మీది గూడేనికి నడిచి వెళ్లడం చూసి, తన చదునునేల గుర్రాల్లో ఒకదాన్ని రోజూ కాస్త పైకి నడిపిస్తూ ఎత్తు అలవాటు చేశాడు. అది రొప్పితే డొక్క మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి నిమ్మళించేదాకా కదిలేవాడు కాదు.

ఒకరోజు గూడెంలో పసిపాపకు ఫిట్స్ వచ్చాయని కబురందింది. నేను గుర్రమెక్కితే చాచా కళ్లెం పట్టి నడిచాడు. సగం దారిలో ఆపేశాడు.

"జల్దీ పోదాం చాచా."

"దీని దమ్ము రానీ బేటీ. ఎక్కుడే కాదు, వాళ్లను తీస్కొని దిగాలె గదా."

నాకు కోపమొచ్చింది. కానీ తల్లీపాపలను ఎక్కించుకున్న గుర్రం ఎక్కడా ఆగకుండా దిగింది. దవాఖానాలో పాప కోలుకుంది.

మరుసటి వారమే చాచా తన రెండో గుర్రాన్ని గుట్ట దగ్గరికి తోలుకొచ్చాడు.