మంచినీళ్లు వద్దన్నందుకు

సైకిలు మీద ఊళ్లు తిరిగేవాడికి విశ్రాంతి రోజంత చిరాకు ఇంకొకటి లేదు. తొక్కుతున్నంతసేపూ ఎప్పుడు దిగుదామా అనిపిస్తుంది, తీరా దిగి కూర్చుంటే కాళ్లు ఊరుకోవు. యుద్ధం జరుగుతున్న రోజులవి. చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఇంట్లో మా నాన్న మొహం చూస్తూ కూర్చోవడం కంటే పల్నాడు చూడటం మేలనుకుని ఒక్కణ్ణే బందరు నుంచి బయల్దేరాను. మాచర్ల దాకా పోయి రావాలని నా పంతం. నరసరావుపేట చేరేసరికి మోకాళ్లు రెండూ వాచిపోయాయి. సత్రంలో ఒక రోజు పడుకుంటే తగ్గుతుందని ఆగాను.

పడుకుంటే కదా! పొద్దున్నే ఇడ్లీ తిని వచ్చి, చేతులు ఊరుకోక సైకిలు గొలుసు విప్పాను. కిరసనాయిలుకి కటకటగా ఉన్న కాలం. సత్రం కాపలాదారుని బతిమాలి దీపం బుడ్డిలోంచి నాలుగు చుక్కలు పోయించుకుని శుభ్రంగా కడిగాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మళ్లీ బిగించేటప్పుడు ఒక లింకు ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని సుత్తితో కొడితే గాని పని కాదు.

సైకిలు షాపు మూసి ఉంది. షాపతను అత్తగారి ఊరు వెళ్లాడట. పక్క కిళ్లీ బడ్డీ ఆయన నా అవస్థ చూసి, "ఆ సందు చివర పెంకుటింటికి పో అబ్బాయ్. వాళ్ల పిల్లోడికి మిషన్ల పిచ్చి. సామానంతా ఉంటది" అన్నాడు. పిల్లవాడు పటాళంలో చేరి బర్మా వైపు వెళ్లాడన్న ముక్క మాత్రం ఆయన నాకు చెప్పలేదు.

ఎండలో సైకిలు నడిపించుకుంటూ వెళ్లాను. పెంకుటింటి ముందు పెద్దావిడ ఒకామె మిరపకాయల తొడిమలు తీస్తూ కూర్చుని ఉంది.

"ఎవురు నాయనా? ఎండన పడొచ్చినట్టున్నావ్. లోపలికి రా, మంచినీళ్లు తాగుదువుగాని" అంది.

నా చేతులనిండా గొలుసు మసి, కాళ్లనిండా దుమ్ము. వసారా చూస్తే అప్పుడే అలికినట్టుంది. దానికి తోడు ఊళ్లో కలరా ఉందనీ, ఎక్కడా నీళ్లు ముట్టవద్దనీ సత్రంలో రాత్రే చెప్పారు. సోడాలతోనే బతుకుతున్నాను. అందుకని దడి దగ్గరే నిలబడి, "లోపలికి రానమ్మా. నీళ్లు కూడా వద్దు. ఇంట్లో మగవాళ్లెవరన్నా ఉన్నారా?" అన్నాను. పరాయి ఊళ్లో ఆడవాళ్లతో ముచ్చట పెట్టడం మర్యాద కాదని నా ఉద్దేశం.

ఆమె చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది.

"ఎందుకు?" అంది.

"మీ అబ్బాయి..." అన్నాను. మీ అబ్బాయి దగ్గర సుత్తి ఉంటుందని చెప్పారు అనబోతున్నాను. ఆ మాట పూర్తి కానేలేదు. "నా తండ్రో!" అని ఆమె పెట్టిన కేకకు వీధి వీధంతా పరుగెత్తుకొచ్చింది.

అప్పుడు తట్టింది నాకు, నేను చేసిన పని. మా వైపూ ఉన్న ఆచారమే. చావు కబురు తెచ్చినవాడు గడప తొక్కడు, ఆ ఇంట పచ్చి మంచినీళ్లు ముట్టడు. ఆడవాళ్లకు చెప్పడు, మగవాళ్లను పక్కకు పిలుస్తాడు. పిలిచినా పోయాడని అనడు, ఒంట్లో బాగాలేదంటాడు. తు.చ. తప్పకుండా అన్నీ చేశాను.

"యాడ నుంచయ్యా?" అంది చుట్టూ చేరినవాళ్లలో ఒక ముసలమ్మ.

"బందరు నుంచండీ."

"సైకిలు మీదా? ఒక్కడివే? ఏం పనిబడి?"

"పనేం లేదండీ. ఊరికే."

"ఊరికే అంత దూరం ఎవుడొస్తాడయ్యా? కడుపులో పెట్టుకోమాక, చెప్పు. వదిన తట్టుకోలేదు" అందామె.

ఎంత కాదంటే అంత ముదురుతోంది వ్యవహారం. వాళ్ల మీదో, ఊడిన లింకు మీదో, నా మీదో తెలియదు గాని నాకు ఒళ్లు మండింది. "మీ అబ్బాయెవరో నాకు తెలియదు తల్లీ! నాకు కావలసింది సుత్తి! సుత్తి!" అని అరిచాను.

ఆ తల్లి ఏడుపు ఆపి నా మొహంలోకి చూసింది. లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చింది.

"నువ్వు చెప్పేది నిజమైతే లోపలికొచ్చి ఈ నీళ్లు తాగు."

కలరా సంగతి గుర్తుంది. భయమూ వేసింది. అయినా వసారాలోకి వెళ్లి, చెంబు ఎత్తి గటగటా తాగాను. నీళ్లు గొంతు దిగుతున్నంతసేపూ ఆమె కళ్లు నా గొంతు మీదే ఉన్నాయి. చెంబు ఖాళీ చేసి బోర్లించి చూపించాక, "ఎంత పని చేశావురా సచ్చినోడా!" అని నా వీపు మీద ఒక్కటి వేసి, నవ్వుతూ మళ్లీ ఏడ్చింది. అమ్మలక్కలంతా నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

మంచం కింద నుంచి కొడుకు సామాను పెట్టె తనే లాగింది. "వాడొచ్చిందాకా ఎవుర్నీ ముట్టుకోనియ్యకూడదనుకున్నా. నువ్వు తీసుకో" అంది. మోటారు నడపడం నేర్పిస్తారన్న ఆశతో పటాళంలో చేరాడట. చానా నెలలుగా ఏ సంగతీ తెలియదట. నేను సుత్తితో లింకు బిగిస్తుంటే ఎదురుగా కూర్చుని, "చదువుకున్నోడివి, పేపర్లు చూస్తావుగా. వాడొస్తాడంటావా?" అని అడిగింది.

"ఎందుకు రాడమ్మా? యుద్ధం అయిపోతే వచ్చేస్తాడు" అన్నాను. ఇంకేమంటాను? ఆ మాటకు ఆమె మొహం విప్పారింది. అన్నం తినందే కదలనివ్వనని, కొడుక్కి ఇష్టమైన గోంగూర పొయ్యి మీద పెట్టింది.

అంతలో ఇంటాయన పొలం నుంచి వచ్చాడు. దడి దగ్గర సైకిలు చూసి సందులోనే ఆగిపోయాడు. నెత్తిమీద గడ్డిమోపు జారి కింద పడింది. ఆవిడ ఎదురెళ్లి జరిగిందంతా చెప్పి పడీ పడీ నవ్వింది. ఆయన నవ్వలేదు. నా వంక చూసి, "గొలుసు బిగిసిందో లేదో చూద్దాం, రా అబ్బాయ్" అని సైకిలుతో సహా నన్ను సందు మొగదాకా తీసుకుపోయాడు.

"వాడు లేడయ్యా" అన్నాడు అక్కడ.

నాకు అర్థం కాలేదు.

"నెల దాటింది. తాలూకా కచేరీకి పిలిపించి చెప్పారు. బజార్లో అనొద్దని బంట్రోతు చేతులు పట్టుకున్నా. వాగుకాడ నెత్తిన నీళ్లు పోసుకొని, ఉక్కకి తానం చేశానని ఇంటికొచ్చా."

ఆయన ఒకసారి ఇంటివైపు తిరిగి చూశాడు.

"ఇంక దాచలేక, ఇయ్యాల చెప్పేద్దామని పొలంలో మనసు గట్టిచేసుకొని వచ్చా. వచ్చేసరికి ఇదీ సంగతి. ఎన్నాళ్లకో నవ్వింది. ఇప్పుడెట్టా చెప్పేదయ్యా?"

తిట్టినా బాగుండేది. తిట్టలేదు. నిజంగా అడుగుతున్నట్టే అడిగాడు, ఆ ఊళ్లో ఆ సంగతి మాట్లాడటానికి నేనొక్కణ్ణే దొరికినట్టు. నేను సైకిలు బెల్లు మీద మసి తుడుస్తూ నిలబడ్డాను.

"ఏందయ్యా, పిల్లోడితో ఏం రాచకార్యాలు? అన్నం చల్లారిపోతంది, రాండి!" అని దడి దగ్గర నుంచి ఆవిడ కేకేసింది.

ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "వస్తన్నామే!" అని మామూలు గొంతుతో బదులు కేకేసి, నా సైకిలు తనే నడిపించుకుంటూ ఇంటివైపు మళ్లాడు. నేను వెనక నడిచాను. ఆవిడ మా ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి, మారు మారు అడిగి గోంగూర వడ్డించింది. ఇద్దరం ఒక్క ముద్ద కూడా వదలకుండా తిన్నాం.