గడియ పెట్టనివ్వని మనిషి

అమీర్‌పేటలో జావా, ఒరాకిల్ పాఠాలు చెప్పేవాళ్లకన్నా ఆ పాఠాలకు జిరాక్సులు తీసేవాళ్లకే తీరిక తక్కువ. అలాంటి దుకాణంలో పదేళ్లుగా మెషిన్ ముందు నిలబడ్డవాడు నర్సింహులు. నిలబడ్డాడంటే అబద్ధం. కాలుకాలిన పిల్లిలా రోడ్డుకీ మెషిన్‌కీ మధ్య తిరుగుతూనే ఉంటాడు. షట్టర్ సగం దించితే చాలు, చెమటలు పడతాయి.

ఊళ్లో ఉన్నప్పుడు, అడవిలోంచి వచ్చినవాళ్లకు అన్నం పెట్టాడని పోలీసులు పట్టుకెళ్లి, తొమ్మిది రోజులు ఓ గదిలో పెట్టి కొట్టారు. కేసూ లేదు, కోర్టూ లేదు. వాళ్లు వదిలేశారు గానీ ఆ గది అతన్ని వదల్లేదు. బల్కంపేటలో ఒంటిగది అద్దె ఇంట్లో ఈనాటికీ రాత్రిళ్లు తలుపుకు గడియ పెట్టనివ్వడు.

"బిడ్డ ఎదిగింది. వచ్చేటోళ్లు, పోయేటోళ్లు తొంగి చూస్తున్నరు. గడియ పెట్టనిస్తవా, బిడ్డను తీస్కొని మా తమ్మునింటికి పోమంటవా?" అని తేల్చేసింది భార్య భూలక్ష్మి. తమ్ముడి మాట ఎత్తగానే అతని ముఖం మాడిపోయింది.

దిక్కుతోచక, ఇలాంటివాళ్లను ఉచితంగా చూసే చోటు పంజాగుట్టలో ఉందంటే వెళ్లాడు. కౌన్సెలర్ ఉదయలక్ష్మి రాజమండ్రి మనిషి. మంచిదే. కానీ కూర్చోగానే పెన్ను తీసి, "పేరు? తండ్రి పేరు? ఏ ఊరండీ?" అని రాసుకోవడం మొదలుపెట్టింది. నర్సింహులు లేచి, చేతులు కట్టుకుని గోడకు అంటుకుపోయాడు.

"నాకేం తెల్వది సార్," అన్నాడు, ఎదురుగా ఉన్నది ఆడమనిషని కూడా మరిచి.

తానెంత తెలివితక్కువ పని చేసిందో ఆమెకు అప్పుడు తట్టింది. కాగితం చించేసింది. "పదండి, బయట నడుద్దాం," అంది.

అప్పటినుంచి గురువారం గురువారం ఇద్దరూ పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా హారన్ల మోతలో నడిచేవారు. కూర్చుంటే పెగలని గొంతు నడకలో పెగిలింది. ఏడో వారం అసలు సంగతి బయటపెట్టాడు. దెబ్బలకు తాళలేక ఎనిమిదో రోజు బామ్మర్ది పేరు చెప్పేశాడు. వాళ్ల చేతుల్లో పడి వచ్చాక ఆ పిల్లాడికి కుడిచెయ్యి పైకి లేవలేదు.

"ఇంట్లో తెలుసాండీ?"

"తెలిస్తే ఉంటదా మేడం?"

"ఆవిడ సంగతి తర్వాత. చెప్పకుండా మీరు ఉండగలుగుతున్నారా?"

ఆ సాయంత్రమే ఇంటికెళ్లి గుమ్మంలో నిలబడే చెప్పేశాడు. భూలక్ష్మి చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెయ్యి ఆపలేదు.

"నాకెరుకే," అంది. "తమ్ముణ్ణి తీస్కపోయినప్పుడు నువ్వు ఆడనే పడున్నవంట. గా దెబ్బలకు మొదలు వాడు నిన్ను గుర్తే పట్టలేదంట. 'బావ గన్ని దినాలు ఎట్ల ఆగిండక్కా' అని నా ముంగట ఏడ్చిండు. నువ్వే చెప్తవని ఇన్నేండ్లు చూసిన."

నర్సింహులు గడపమీద కూలబడి, పసిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అంతసేపు అతను ఒక్కచోట కూర్చోవడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"తలుపు గట్లనే ఉండనీ," అంది చివరికి. "బిడ్డ లోపల పండుకుంటది. గడపకు అడ్డం నేను పండుకుంట."