సర్వర్‌ల పెట్టిన నానమ్మ పాటలు

కొత్తగా కొలువుల చేరిన రోజుల్ల మనిషికి మొదటి జీతం కంటె ముందు తెలివి వస్తది (జీతం వచ్చినంక తగ్గుతది). కంచన్‌బాగ్‌ల ఒక ఆఫీసుల కంప్యూటర్లు చూసుకునే కాంట్రాక్టు పని దొరికినంక నాకు గూడ గట్లనే వచ్చింది. ఫలక్‌నుమా స్టేషన్ దగ్గర మాది రెండర్రల ఇల్లు; బాపు, అమ్మ, నానమ్మ, నేను. నానమ్మ వయసుల ఉన్నప్పుడు పొలాల్ల పాడిన నాట్ల పాటలు ఇరవైదాక నా ఫోన్‌ల రికార్డు చేసిన. ఫోన్ నిండిపోయింది. ఇంట్లనే ఒక సర్వర్ పెడ్త, పాటలు, ఫొటోలు అన్నీ అండ్లనే దాస్త అని అందరికి చెప్పిన. "ఉన్న సర్వలు సాల్తలేవా బిడ్డా?" అన్నది నానమ్మ. ఆమెకు సర్వంటే బువ్వ వండే గిన్నెనే.

తెలిసినాయన పారేస్తనంటే ఒక పాత కంప్యూటర్ తెచ్చిన. మా ఆఫీసుల ఒక అన్న ఉండేటోడు. అడగకున్నా చెప్తడని అందరం ఆయనకు గురువన్న అని పేరు పెట్టినం. మామూలు మెమరీ చెప్పకుండ తప్పులు చేస్తది, తన తప్పు తానే దిద్దుకునే మెమరీ పెద్ద సర్వర్లల్ల ఉంటది, అదే కొనుమన్నడు. నాకు బుగులు పట్టుకున్నది. నాట్ల పాటల ఒక్క మాట తప్పు పోతే ఎట్ల? ఉస్మాన్‌గంజ్ అవతల సందుల పాత సామాన్ అమ్మే చాచా దగ్గరికి పోయిన. "బేటా, యే బడే మిషిన్‌కా హై, తుమ్హారే డబ్బే మే నై చల్తా" అన్నడాయన. ఇది పెద్ద మిషిన్లది, నా డబ్బల నడవదని ఆయన అంటుంటే, ఈయనకేం తెల్సు అనుకుంట తెచ్చుకున్న. పెట్టంగనే మిషిన్ కుయ్ కుయ్ మనుడే తప్ప చాలు కాలే. తెల్లారి వాపస్ తీస్కపోతే చాచా మామూలు మెమరీ చేతుల పెట్టి చాయ్ తాపిండు. తిట్టినా బాగుండు.

ఇగ ఫైల్‌సిస్టం. డిస్కు మీద ఫైళ్లను ఏ పద్ధతిల సదరాలె అన్నదే ఆ ముచ్చట. ఒక పద్ధతైతే పాడైన ఫైలును తానే పట్టుకుంటదట, కాని మెమరీ మస్తు తింటది. ఇంకోటి సాదాసీదా. పొద్దుగాల ఒకటి పెట్టిన, పొద్దుమీకి తీసి ఇంకోటి పెట్టిన (పెండ్లిచూపులల్ల గూడ నేను గంత ఆలోచన చెయ్యలే). మిషిన్‌ల ఒక్క తీరు డిస్కులు రెండుండె. ఒకటి ఖాళీ, గీ మార్చుడంత దాని మీదనే; ఇంకొకటి పాటలది. బంద్ చేసి చాలు చేసినప్పుడు వాటి పేర్లు అటిటు మారినయి. నేను చూడలే. మూడోసారి మారుద్దామని నేను ఫార్మాట్ కొట్టి తుడిచేసింది పాటల డిస్కును. ఫోన్‌లయి అంతకు ముందే తీసేసిన. వెనుకకు తెద్దామని దొరికిన సాఫ్ట్‌వేరల్లా నడిపిస్తే ముక్కలు వచ్చినయి గాని పాట రాలే.

రెండు రోజులు నోట్లకు బువ్వ పోలే. నానమ్మ పక్కన కూసోబెట్టుకొని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పిన.

"పాటలు నీ డబ్బల ఉన్నయా, నా నోట్ల ఉన్నయా? ఫోన్ తియ్యి."

ఆ వారమంత పాడింది. పదకొండు పాడింది. తతిమ్మయి ఆమెకే యాదికి రాలే. మొదటి మాట అందుకొని, ఆగి, కిటికీ దిక్కు చూసి, పోనీ తియ్ అన్నది.

నానమ్మ పోయి చాలా ఏండ్లయింది. ఆ పదకొండు పాటలు ఇప్పుడు మూడు జాగలల్ల ఉన్నయి, అన్నిట్ల సాదాసీదా ఫైల్‌సిస్టమే. ఒక పాట నడుమ ఆగి, "ఇంటున్నవా బిడ్డా, అప్పుడు మీ తాత గట్టు మీద నిలవడి..." అని ఏందో చెప్పబోతది. వెంటనే ఫోన్ పట్టుకున్న పోరని గొంతు, మస్తు పెద్దరికంగ, "మాట్లాడకు నానమ్మా, రికార్డు ఖరాబైతది" అంటది. ఆమె పాపం మళ్ల పాట అందుకుంటది. అక్కడికొచ్చినప్పుడల్లా నాకు నవ్వొస్తది. చెప్పనిస్తే నీదేం పోయేదిరా అంట వానితోని.