చుక్క పెట్టమంటే

మా పిన్నిని మీరు కలిసి తీరాలి! ఆవిడ బళ్లో సైన్సు చెప్తుంది. పిల్లలు చాటుగా రాకెట్టమ్మ అంటారు, చాటుగా అంటున్నామనే అనుకుంటారు. కూల్‌డ్రింకు సీసాలో మూడోవంతు నీళ్లు పోసి, సైకిలు పంపుతో గాలి కొట్టి, రయ్యిమని పైకి వదిలే రాకెట్లు చేయిస్తుంది. బోర్లించిన సీసా నెత్తిన టోపీలా ఒక మూత, మూత కింద మడతపెట్టిన గొడుగుగుడ్డ, దాని అడుగున దూదిలో ఒక కోడిగుడ్డు. ఆ గుడ్డే వ్యోమగామి. పైకెళ్లాక మూత ఊడాలి, గొడుగుగుడ్డ పారాచూట్‌లా విచ్చుకోవాలి, వ్యోమగామి ప్రాణాలతో దిగాలి.

ఇదంతా బడి మేడ మీద మూలగదిలో జరిగేది. ఆ గది మీద హెడ్మాస్టరుగారికి ఎప్పటినుంచో కన్ను. ఈసారి వార్షికోత్సవం రోజు పొద్దున్నే ఆయన ఒక పెట్టె పట్టుకొచ్చారు. లోపల షాపులో కొన్న రాకెట్టు, నిగనిగలాడుతోంది.

"బటన్ నొక్కితే చాలు మేడమ్, అదే పోతుంది. పిల్లలే చేశారని మైకులో చెప్పేద్దాం. వచ్చే అతిథి మామూలోడు కాదు."

"పక్కింటి వంట తెచ్చి, మా పిల్లలే వండారని వడ్డించమంటారా సార్?"

"మీ సీసా కింద పడి పరువు పోయిందనుకోండి, ఆ గదికి తాళం వేస్తా. విరిగిన బల్లలు పెట్టుకోడానికి చోటు లేక చస్తున్నా."

"పడితే పడనీండి. పడేది మా సీసాయేగా."

సాయంత్రం మైదానం నిండిపోయింది. రాకెట్ల జట్టులో అందరికంటే పెద్ద వాగుడుకాయ ఒకతి ఉంది, ప్రశ్నలపిట్ట అంటాం, అది సీసాని వదిలే తాడు లాగింది. సీసా జివ్వున లేచింది. అందరి తలలూ పైకి. పైన ఒక్క క్షణం ఆగింది... మూత ఊడలేదు! తలకిందులుగా దూసుకొచ్చి ముఖ్య అతిథి ముందు ధబ్బున పడింది. వ్యోమగామి పచ్చసొన ఆయన బూటు మీద.

మైదానమంతా ఒకటే నవ్వు. హెడ్మాస్టరుగారు నవ్వలేదు. ఆయన పెట్టె విప్పబోతుంటే పిన్ని మైకు లాక్కుంది.

"నవ్వడం అయిందా? ఇప్పుడు ఎందుకు పడిందో చూద్దాం. కత్తెర తేవే!"

ప్రశ్నలపిట్ట అక్కడే సీసా కోసింది. గొడుగుగుడ్డ మడత చెదరలేదు. మూత అంచుకి మాత్రం జిగురు ఎండి, రాయిలా అతుక్కుపోయి ఉంది.

"మూతకి జిగురెందుకు పూశావే?"

"మీరేగా టీచర్, అంచు మీద చుక్క పెట్టమన్నారు!"

"చుక్కంటే గుర్తే! పెన్నుతో! మూత ఎటు తిప్పి పెట్టాలో తెలియడానికి!"

"పెన్నుతో అని చెప్పలేదుగా? అప్పుడు నా చేతిలో జిగురు ట్యూబుంది!"

పిన్ని పకపకా నవ్వేసింది. "తప్పు నాదే," అంది మైకులోనే. "మాట సగమే చెప్పాను. జిగురు అంటని రెండో సీసా ఉంది, ఇప్పుడే వదులుతాం. కూర్చోండి."

"చాల్లేండి మేడమ్!" అంటూ హెడ్మాస్టరుగారు మైకు వైరు పీకేశారు. అతిథి బూటు తుడుచుకుంటూ కారు వైపు నడిచాడు. పిన్ని కొంగు దోపుకుని పంపు అందుకుంది. మైకు లేకపోతేనేం, ఆ గొంతుకి మైకెందుకు? "వెనక్కి జరగండ్రా!" అంది.

లేచింది. ఆగింది. మూత ఊడింది! నల్లటి గొడుగుగుడ్డ విచ్చుకుని, ఊగుతూ ఊగుతూ దిగింది. పిట్ట పరిగెత్తుకెళ్లి దూది విప్పింది. "బతికున్నాడు టీచర్!" పిల్లల కేకలకి చెవులు చిల్లులు పడ్డాయి. అతిథి కారు అప్పటికే గేటు దాటేసింది.

మర్నాడు గదికి తాళం. హెడ్మాస్టరుగారు బేరం పెట్టారు: "ఇకనుంచి కొన్న రాకెట్లతోనే చేయిస్తానని ఒక్క మాట అనండి, తాళంచెవి మీ బల్ల మీద ఉంటుంది."

"మీ జేబులోనే ఉండనీండి సార్. పెద్ద బరువేం కాదుగా."

ఇప్పుడు రాకెట్లు మా బాబాయి టైలరు కొట్లో తయారవుతున్నాయి. మిషను పక్కన సీసాలు, కత్తిరింపు బల్ల కింద పిల్లలు. "నిన్న ఒకాయన ప్యాంటు కొలతలివ్వడానికొచ్చి, పంపు కొట్టి వెళ్లిపోయాడు. కొలతలు ఇవ్వనేలేదు," అని బాబాయి గొణుగుతాడు. గొణుగుతూనే గొడుగుగుడ్డలకి అంచు కుడతాడు. గోడ మీద ప్రశ్నలపిట్ట పెద్దక్షరాలతో రాసింది: 'చుక్క అంటే ఏ చుక్క? అడిగి పెట్టు.'

ఒక్కటే ఇబ్బంది. ఆ కొట్లో సగం మందే పడతారు. మిగతా సగం బయట మెట్ల మీద, తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తుంటారు. వాళ్లని చూసినప్పుడల్లా పిన్ని పంపు ఇంకాస్త గట్టిగా కొడుతుంది. తాళంచెవి ఇప్పటికీ హెడ్మాస్టరుగారి జేబులోనే ఉంది, ఆయన అడిగింది ఒక్క మాటే. గది నిండా పిల్లలు, చేతిలో బటన్. లేదా కొట్టు నిండా సగం మంది, చేతికి జిగురు.

మీరైతే ఆ ఒక్క మాట అనేవారా?